రెండూ నీలమే

నా కుడికన్ను పోయిన సంగతి చెప్పాలంటే ముందు రాయి సంగతి చెప్పాలి.

ఎన్నికల రోజులు. ఆ రోజుల్లో మా పల్నాడులో బస్సు నడపడమంటే ఎంత నిదానస్తుడికైనా గుండె పీచుపీచుమంటూనే ఉంటుంది. మాచర్ల నుంచి నరసరావుపేటకు ఎర్రబస్సు తోలుకొస్తున్నాను. గురజాల దాటాక ఒక ఊరి మలుపులో రెండు గుంపులు ఎదురెదురుగా నిలబడి ఉన్నాయి. ఆపితే ఇరుక్కుపోతామని హారన్ కొట్టుకుంటూ మెల్లగా మధ్యలోంచి పోనిచ్చాను. ఏ గుంపులోంచి వచ్చిందో తెలియదు, పక్క కిటికీలోంచి ఒక రాయి వచ్చి నా కుడికంటి మీద తగిలింది. బండిని మాత్రం రోడ్డు దిగనివ్వలేదు. ఊరు దాటాక పక్కకు తీసి ఆపి, స్టీరింగ్ మీద తల ఆనించాను. ప్రయాణికుల్లో ఒక పెద్దావిడ కొంగు తడిపి నా కంటి మీద అదిమిపెట్టి, “రక్తం రాలేదు నాయనా. కన్ను బానే ఉంది, భయపడబాక,” అంది.

ఆ మాట నిజమే అనుకున్నాను. వాపు తీసింది, కమిలిన చోట మామూలు రంగు వచ్చింది, మళ్ళీ డ్యూటీ ఎక్కాను.

కొన్నాళ్ళకు ఎదురుగా వచ్చే లారీలు దుమ్ములోంచి వస్తున్నట్టు కనిపించడం మొదలైంది. పిడుగురాళ్ళ దగ్గర సున్నపు బట్టీల వల్ల రోడ్డెప్పుడూ తెల్లగానే ఉంటుంది కాబట్టి అదే అనుకున్నాను. బండి ఆపి అద్దం తుడిచాను. మళ్ళీ కొంతదూరం పోయాక మళ్ళీ తుడిచాను. మా కండక్టర్ నవ్వి, “అద్దం అరిగిపోయిద్ది అన్నా,” అన్నాడు. అప్పుడు ఎందుకో ఎడమకన్ను మూసి చూశాను. రోడ్డు లేదు. తెల్లటి వెలుతురు మాత్రం ఉంది.

ఆ రోజు బండి డిపోలో పెట్టి, తిన్నగా మేనేజరు గదిలోకి వెళ్ళి చెప్పేశాను. వెనక అంతమందిని కూర్చోబెట్టుకుని దాచుకునే విషయం కాదది. కన్ను బాగుచేయించుకునే దాకా నన్ను గ్యారేజీలో వేశారు. డ్రైవరును గ్యారేజీలో వేస్తే ఎలా ఉంటుందో చెప్పడం కష్టం. పొద్దున్నే బళ్ళన్నీ ఒక్కొక్కటీ గేటు దాటి వెళ్ళిపోతుంటే నేను ఖాళీ అయిన ఆ నూనె మరకల నేల చూస్తూ నిలబడేవాణ్ణి.

నరసరావుపేటలో మేము చూపించుకునే కంటి డాక్టరు ఒకావిడ. మా ఆవిడ తల్లికీ, మా వీధిలో ఇంకా చాలామందికీ ఆవిడే శుక్లాలు తీసింది. మంచి చెయ్యి అని పేరు. నా కంట్లోకి దీపం వేసి చూసి, “దెబ్బ వల్ల వచ్చిన శుక్లం. తెల్లగా ముదిరిపోయింది,” అంది.

“మళ్ళీ బండి తోలగలనా అమ్మా?”

“ఎందుకు తోలలేరు? లోపలి నరం బాగానే ఉన్నట్టుంది. శుక్లం తీసి లెన్సు పెడితే మీ డ్యూటీ మీరు చేసుకోవచ్చు.”

తరవాత చేసే పని విడమరిచి చెప్పింది. శుక్లం మీద పలచటి పొర ఉంటుందట. దాన్ని గుండ్రంగా చించి లోపలిది తీయాలట. నా శుక్లం పాలలా తెల్లబడింది కనుక ఆ పొర కనిపించదు, అందుకని నీలం రంగు మందు వేస్తారు. పొర రంగు పీల్చుకుంటుంది, అప్పుడు ఎక్కడ చించాలో తెలుస్తుంది. “మీలాంటి కళ్ళకు ఎప్పుడూ వేసేదే. భయం లేదు,” అంది.

మా ఆవిడది బెల్లంకొండ వైపు పల్లె. మనసులో ఉన్నది నోట్లో ఆగదు. బయటికొచ్చాక, “కంట్లో రంగేందయ్యా, గోడకేసినట్టు?” అంది. నేను నవ్వాను. తనూ నవ్వింది. ఆపరేషన్ అయ్యాక మొదటి డ్యూటీ రోజున బస్సుకు నిమ్మకాయలు కట్టాలని కూడా దారిలో అనుకున్నాం.

ఆపరేషన్ నాడు కంటి కింద సూదిమందు ఇచ్చారు. మొహం మీద ఆకుపచ్చ గుడ్డ కప్పి ఆ కన్ను ఒక్కటే బయటికి ఉంచారు. నొప్పి తెలియలేదు. మాటలు మాత్రం అన్నీ వినిపిస్తున్నాయి. పైన ఒక పెద్ద వెలుతురు ముద్దలా కదులుతోంది. డాక్టరమ్మ మధ్యమధ్య నాతో మాట్లాడుతూనే ఉంది. “ఇప్పుడు రంగు వేస్తున్నాం. కొంచెం నీలంగా కనిపిస్తుంది, మామూలే,” అంది.

నిజంగానే వెలుతురంతా నీలమైపోయింది. బాగుంది కూడా అనిపించింది. నాగార్జునసాగర్ మీదుగా పొద్దున్నే బండి తోలుకెళ్తున్నప్పుడు నీళ్ళ మీద అలాంటి రంగు ఉండేది.

అప్పుడు డాక్టరమ్మ గొంతు మారింది.

“ఇదేంటి ఇంత ముదురుగా ఉంది? సిస్టర్, ఆ సీసా ఇటు చూపించండి.”

ఎవరో నడిచారు. గాజు చప్పుడైంది. తరవాత ఎవరూ మాట్లాడలేదు. చాలా ఏళ్ళు ఇంజన్ పక్కన కూర్చున్నవాణ్ణి. మిట్ట ఎక్కేటప్పుడు ఇంజన్ చప్పుడు ఎక్కడ తేడా కొట్టినా ముందు నా వీపుకు తెలుస్తుంది. ఆ గదిలో మాటలు ఆగిపోయినప్పుడు నా వీపు అలాగే చల్లబడింది.

“సెలైన్,” అంది డాక్టరమ్మ. “ఇంకా. ఆపొద్దు, పోస్తూనే ఉండండి.”

“ఏందమ్మా, ఏమన్నా అయిందా?” అన్నాను గుడ్డ కిందనుంచి.

“కదలొద్దు. దయచేసి కదలొద్దు. అయ్యాక నేనే చెప్తాను.”

శుక్లం తీసింది, లెన్సు పెట్టింది, కట్టు కట్టారు. నన్ను గదిలోకి తెచ్చి పడుకోబెట్టారు. మా ఆవిడ మంచం పక్కనే ఉంది. కాసేపటికి డాక్టరమ్మ వచ్చి తలుపు దగ్గరికి వేసి, స్టూలు లాక్కుని కూర్చుంది. వేళ్ళకు ఇంకా చేతితొడుగుల పొడి అంటి ఉంది.

“పొర కనపడటానికి వేసే నీలం మందు వేరు. ఇంకో నీలం ఉంది, అది వేరే పనులకు వాడేది, కంటి లోపలికి పోకూడదు. రెండు సీసాలూ ఒకే అరలో ఉన్నాయి. రెండూ నీలమే. సిస్టర్ అది అందించింది, నేను పేరు చదవకుండా వేశాను. చదవాల్సింది నేను,” అంది. “తెలిసిన వెంటనే కడిగాం. ఎంత దెబ్బతిన్నదీ కట్టు విప్పితేగానీ తెలియదు.”

మా ఆవిడ ఆమె మొహంలోకే చూస్తోంది.

“అయితే కన్ను వచ్చిద్దా, రాదా?”

“ఇప్పుడే చెప్పలేనమ్మా.”

“చెప్పలేకపోతే ఎట్టా కోశావమ్మా? మాకంటే తెలవదు. నీక్కూడా తెలవకపోతే ఎట్టా?”

డాక్టరమ్మ లేచి వెళ్ళిపోలేదు. మా ఆవిడ ఏడుపు ఆగేదాకా అక్కడే కూర్చుంది.

మర్నాడు కట్టు విప్పారు. మా ఇంట్లో తెల్లబట్టలకు పెట్టే నీలిమందు బకెట్లో తల ముంచి కళ్ళు తెరిస్తే ఎలా ఉంటుందో అలా ఉంది. అందులో ఏదో నీడ కదిలింది. అది మా ఆవిడ చెయ్యి. “ఎన్ని వేళ్ళు చెప్పయ్యా,” అంటోంది. నేను అడ్డంగా తలూపాను. తను చెయ్యి దించకుండా మళ్ళీ అడిగింది. “సరిగ్గా చూడు. ఎన్ని?”

రోజులు గడిచేకొద్దీ నీలం పలచబడి పోయింది. పోయాక చూపు వస్తుందని ఆశపడ్డాను. నీలం వెనక ఉన్నది పొగమంచు. దానికి తోడు మంట. కారం మిల్లులో తలుపులేసి కూర్చోబెట్టినట్టు కన్ను మండి నీరు కారేది. డాక్టరమ్మ రోజూ చూసేది. కంటి ముందుభాగం అద్దంలా ఉంటుందనీ, దాని లోపలి వైపు సన్నటి కణాల వరస ఒకటి నీళ్ళు చేరకుండా ఎప్పటికప్పుడు తోడేస్తుంటుందనీ, ఆ మందు వాటిని చంపేసిందనీ చెప్పింది.

“మళ్ళీ పుట్టవా?” అన్నాను.

“పుట్టవు. వేరే వాళ్ళ కంటి ముందుభాగం పొర తెచ్చి అతికించాలి.”

ఈ సంగతి మా ఊరికి పాకింది. మా తమ్ముడు ఊళ్ళో రాజకీయాల్లో తిరిగే మనిషి. నా మీద వాడికి ప్రాణం. చిన్నప్పుడు నా వెనకే తిరిగేవాడు, పెద్దయ్యాక నా బస్సు వస్తుందంటే రోడ్డు మీదికొచ్చి చెయ్యెత్తి పలకరించి పోయేవాడు. ఒక పొద్దున జీపు నిండా మనుషుల్ని ఎక్కించుకుని ఆసుపత్రి ముందు దిగాడు. నేను చుక్కలమందు కోసం అక్కడే ఉన్నాను.

“ఎవరే మా అన్న కంట్లో రంగు పోసింది? బయటికి రమ్మను!” అని అరుస్తున్నాడు. వెంట వచ్చినవాళ్ళు కుర్చీలు పక్కకు నెట్టారు. పేషెంట్లు లేచి గోడవార చేరారు. నేను వెళ్ళి వాడి చెయ్యి పట్టుకుంటే విదిలించుకున్నాడు. “నువ్వూరుకో అన్నా. ఈళ్ళు ఒప్పుకోరు. నాకు తెలుసు ఈళ్ళ సంగతి. అంతా పేషెంటు మీదే తోస్తారు.”

డాక్టరమ్మ గదిలోంచి బయటికొచ్చింది. ఎవరో ఆమెను ఆపబోయారు. ఆమె వాడి ఎదురుగా వచ్చి నిలబడింది.

“తప్పు జరిగింది. మాదే తప్పు. మీ అన్నగారికి ఆ రోజే చెప్పాను. రాసి కూడా ఇచ్చాను,” అంది.

వాడు పోట్లాడటానికి వచ్చాడు. కాదన్నవాళ్ళతో పోట్లాడటం వాడికి వచ్చు. అవునన్న మనిషితో ఏం చేయాలో వాడికి తెలియలేదు. వెంట వచ్చినవాళ్ళు ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. చివరికి బయటికి నడిచి మెట్ల మీద కూలబడి, “అయితే మా అన్న కన్ను ఎవురిస్తారు? అది చెప్పండి చాలు,” అంటూ చిన్నపిల్లాడిలా ఏడ్చాడు. నేను వాడి పక్కన కూర్చున్నాను.

సీసా అందించిన సిస్టరు ఒకరోజు మా ఇంటికి వచ్చింది. వయసు నాకంటే కొంచెం తక్కువే ఉంటుంది, తల అక్కడక్కడ నెరిసింది. వాళ్ళాయన స్కూటరు మీద దింపి వీధి చివర ఆగిపోయాడు. గుమ్మంలో నిలబడి, “ఎప్పుడూ పైవరసలో ఉండేదన్నా అది. ఆ రోజు సర్దినవాళ్ళెవరో కింద పెట్టారు. నేను చదవలా. చెయ్యి అలవాటున పోయింది. అప్పట్నించీ ఏ సీసా అయినా పేరు పైకి చదివిగానీ అందించట్లేదు,” అంది.

మా ఆవిడ లోపలికి వెళ్ళి మంచినీళ్ళు తెచ్చి ఇచ్చింది. కూర్చోమనలేదు. ఆమె నీళ్ళు తాగి, గ్లాసు గట్టు మీద పెట్టి, నాకు దణ్ణం పెట్టి వెళ్ళిపోయింది. వెళ్ళాక మా ఆవిడ అంది: “గుమ్మంలోకి వచ్చిందని నీళ్ళిచ్చా. అంతకంటే నా వల్ల కాదు.” ఆ తరవాత కూడా కాలేదు. నేను ఎప్పుడూ బలవంతపెట్టలేదు. కన్ను నాదే అయినా ఆ కోపం తనది.

పొర అతికించడానికి గుంటూరు పెద్దాసుపత్రిలో పేరు రాయించారు. ఎవరైనా చనిపోయి, వాళ్ళ ఇంటివాళ్ళు కళ్ళు ఇస్తేనే దొరుకుతుంది. ఎదురుచూడటమంటే ఎక్కడో ఒక ఇంట్లో చావు కోసం ఎదురుచూడటమే కదా అని తోచినప్పుడు అన్నం సయించేది కాదు. ఫోను మోగితే ఉలిక్కిపడేవాణ్ణి. మా ఆవిడ దేవుడికి దణ్ణం పెట్టుకుంటూ ఏమని అడగాలో తెలియక మధ్యలో ఆగిపోయేది.

ఒకరోజు రమ్మని కబురొచ్చింది. గుంటూరు బస్సులో ప్రయాణికుడిగా కూర్చున్నాను. డ్రైవరు నన్ను గుర్తుపట్టి, “ఇట్టా ముందుకు రా అన్నా,” అని ఇంజను పక్కన కూర్చోబెట్టుకున్నాడు. ఎవరి కన్నో చెప్పలేదు. అడిగినా చెప్పరు. మగమనిషిదో ఆడమనిషిదో, మా వైపు వాళ్ళదో మరెక్కడి వాళ్ళదో.

మా డాక్టరమ్మ కూడా ఆ రోజు గుంటూరు వచ్చింది. ఆపరేషన్ గది బయట బల్ల మీద మా ఆవిడ ఒక్కతే కూర్చుని ఉంటే వచ్చి నిలబడిందట. మా ఆవిడ పక్కకు జరిగిందట, అంతే. ఇద్దరూ ఒకే బల్ల మీద మాట్లాడుకోకుండా కూర్చున్నారట. ఆ సంగతి మా ఆవిడ నాకు చాలా రోజులకు గానీ చెప్పలేదు.

కట్టు విప్పినప్పుడు మొదట చూసింది మా ఆవిడ బొట్టు. తరవాత దాని చుట్టూ మొహం. అంచులు కొంచెం చెదిరినట్టున్నా అది మొహమే. “ఎన్ని వేళ్ళయ్యా?” అంది. చెప్పాను. మళ్ళీ మార్చి చూపించింది. చెప్పాను. ఆసుపత్రి అని కూడా చూడకుండా నవ్వుతూనే ఏడ్చింది. కిటికీలోంచి రోడ్డు మీద పోయే బస్సు బోర్డు కూడబలుక్కుని చదివాను. ఆ రంగులు, ఆ అక్షరాలు నాకు తెలియని ఎవరో మనిషి పొరలోంచి నా లోపలికి వస్తున్నాయి. ఆ మనిషికి మనసులోనే దణ్ణం పెట్టుకున్నాను.

కొన్ని నెలలు బాగానే గడిచాయి. మళ్ళీ డ్యూటీ కోసం కంటి పరీక్షకు వెళ్ళొచ్చేమోనని డిపోలో అడిగి చూశాను కూడా. మా ఆవిడ నా ఖాకీ చొక్కాలు బయటికి తీసి ఉతికి ఆరేసింది.

ఒక పొద్దున లేచేసరికి కన్ను ఎర్రగా ఉంది. వెలుతురు చూడలేకపోయాను. మధ్యాహ్నానికి కంట్లో మళ్ళీ పొగమంచు దిగింది. వెంటనే గుంటూరు పరుగెత్తాం. సూదిమందులు వేశారు, గంటగంటకూ చుక్కలు వేశారు. నా ఒళ్ళు ఆ పొరను తనది కాదని తోసేస్తోందన్నారు. ఆ నీలం మందు అప్పట్లో లోపల ఇంకా కొంత చెడగొట్టిందనీ, దాని వల్ల కంటిలో ఒత్తిడి పెరిగి నరం కూడా దెబ్బతిన్నదనీ చెప్పారు. ఇంకో పొర అతికించినా నిలవదన్నారు.

నా చూపు పోయిందన్న దుఃఖం నాకు పాతదే. దానికి అలవాటు పడుతున్నాను. ఈ దుఃఖం వేరు. ఎవరో ఒకరు పోయారు. శవం పక్కన కూర్చుని ఏడుస్తున్నవాళ్ళు ఏడుపు ఆపుకుని, కళ్ళు తీసుకోండని ఒప్పుకున్నారు. తమ మనిషి చూపు ఎక్కడో బతికే ఉందని ఇప్పటికీ అనుకుంటూ ఉంటారు. అది నా దగ్గర బతకలేదని వాళ్ళకు తెలియదు. చెప్పే దారీ లేదు. నేను ఏడ్చింది ఎక్కువగా దానికే. మా ఆవిడ నా వీపు నిమురుతూ, “నువ్వేం చేశావయ్యా. నీ ఒళ్ళు చేసిన పనికి నువ్వేం చేసిద్ది,” అంది. తడబాటులో మాట తప్పు పలికింది. ఇద్దరిలో ఎవరమూ సరిచేయలేదు.

మెడికల్ బోర్డులో కుర్చీలో కూర్చోబెట్టి అక్షరాలు చదవమన్నారు. ఎడమకంటితో గబగబా చదివేశాను. “ఇప్పుడు కుడి,” అన్నాడు పరీక్ష చేస్తున్న డాక్టరు. గోడ కూడా కనిపించలేదు. “ఒక కన్నుతో పెద్దబండి ఇవ్వలేం,” అన్నాడు మెత్తగానే. రెండు పక్కలా చూపుండాలని నేనే ఎంతమంది కొత్త డ్రైవర్లకు చెప్పానో. కుడివైపు ఒక సైకిలు వస్తే, ఒక గేదె అడ్డం పడితే చూసేదెవరు? ఆయన చెప్పిందే సరి.

నన్ను నరసరావుపేట బస్టాండులో విచారణ గదిలో వేశారు. మైకులో బస్సులు పిలవడం నా పని. ఇంట్లో చిన్న చిన్న పనులు మళ్ళీ నేర్చుకోవలసి వచ్చింది. గ్లాసులో పోస్తున్నాననుకుని టీ పక్కన పోసేవాణ్ణి. కుడి భుజం ప్రతి గుమ్మానికీ తగిలేది. మెట్టు ఎంత లోతుందో తెలియక కాలు ముందుకు చాచి తడిమేవాణ్ణి. మా ఆవిడ పైకి విసుక్కున్నట్టే ఉండేది. “ఇటు రావయ్యా, ఈ పక్క,” అంటూ నడిచేటప్పుడు ఎప్పుడూ కుడివైపుకు వచ్చేది.

డాక్టరమ్మ దగ్గరికి ఇప్పటికీ ఎడమకన్ను చూపించుకోవడానికి పోతున్నాను. ఎందుకు అక్కడికే పోతావని మా తమ్ముడు అడుగుతాడు. ఆమె నా దగ్గర ఏదీ దాచలేదు, అందుకని పోతున్నాను. అంతకు మించి నాకూ తెలియదు. మా ఆవిడ గేటు దాకా వచ్చి బయటే నిలబడుతుంది. ఈమధ్య ఎడమకంట్లో కూడా సన్నగా శుక్లం మొదలైందని చెప్పారు. ఇది వయసు వల్ల వచ్చేది, ముదరకముందే తీస్తే రంగు అవసరం ఉండదంది డాక్టరమ్మ. ఆ మాట చెప్తూ తల వంచుకుంది. ఆలోచించుకుని చెప్తానన్నాను. మా ఆవిడతో అంటే, “ఉన్నది ఒక్కటే,” అని ఊరుకుంది. ఇంకా ఏదీ తేల్చుకోలేదు.

మొన్న పొద్దున బస్టాండులో గుంపుగా మిరపకోతల ఆడవాళ్ళు దిగారు. వాళ్ళలో ఒకామె విచారణ కిటికీ దగ్గరికొచ్చి నన్ను తేరిపార చూసింది. ఎన్నో ఏళ్ళు నా బండిలో తిరిగిన మనిషి.

“ఏందన్నా, నువ్వేనా? బండి మీద కనపట్టంలేదేంది ఈమధ్య?”

“డ్యూటీ మారిందమ్మా.”

“మళ్ళా ఎప్పుడు మారిద్ది? ఇప్పుడొచ్చేవాడు మా ఊరి కాడ సరిగ్గా ఆపడన్నా. నువ్వయితే చెయ్యెత్తకముందే ఆపేవోడివి.”

“చెప్తాలే అతనితో,” అన్నాను.

ఆమె తలూపి, సంచీ నెత్తిన పెట్టుకుని మిగతావాళ్ళను కేకేసుకుంటూ వెళ్ళింది. గురజాల మీదుగా మాచర్ల వెళ్ళే బస్సు వచ్చి ఆగింది. మైకు తీసుకుని ఏ ప్లాట్‌ఫారమో చెప్పాను. వాళ్ళందరూ ఎక్కారు. బస్సు వెనక్కి జరిగి, గేటు దగ్గర కుడికి తిరిగి, నా చూపు అందని వైపుకు వెళ్ళిపోయింది.